పదో మనిషి రాసిన పేర్లు

నానక్‌రామ్‌గూడలోని ఆ ఆఫీసులో అందరికంటే ఎక్కువ కరెంటు తాగేదీ, అందరికంటే తక్కువ పని చేసేదీ ఒకటే అని మూడో నెలకల్లా తేలిపోయింది. ఆ ఏఐ యంత్రాన్ని అందరూ పదో మనిషి అనేవాళ్ళు. టీమ్‌లో మనుషులు తొమ్మిది మంది, కాబట్టి అది పదోది. తయారుచేసిన డాక్టర్ వసుంధర దానికి నోరు తిరగని సంస్కృతం పేరొకటి పెట్టింది గానీ, ఆ పేరుతో ఆమె తప్ప ఇంకెవరూ పిలిచిన పాపాన పోలేదు.

ఆ నెల మీటింగ్‌లో గోడమీది తెర వెలిగింది. ఎవరు ఎంత పని చేశారో చెప్పే గీతలు పక్కపక్కన నిలబడ్డాయి. తొమ్మిది గీతలు ఏపుగా ఎదిగి తెర పైఅంచును తాకుతున్నాయి. పదో గీత బొటనవేలంత ఉంది.

"ఇదేమిటో నాకు అర్థం కావట్లేదండీ," అంది వసుంధర. "మీరంతా పోయినేడు చేసినదానికి రెండింతలు చేశారు. ఇదేమో తేదీలు, స్పెల్లింగులు దిద్దుకుంటూ కూర్చుంది."

భయపెడితే మనుషులు ఇంత పని చేస్తారని తెలిసుంటే యంత్రం కొనకుండా ఒట్టి భయమే పెట్టేవాళ్ళం కదా అన్నట్టు పైఅధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ టీమ్ రాసిన ప్రోగ్రాంల మీద చాలా ఆసుపత్రులు నడుస్తున్నాయి. రోగి చేరినప్పటినుంచి బిల్లు కట్టి ఇంటికి పోయేదాకా మంచం, మందు, పరీక్ష, ఇన్సూరెన్సు అన్నీ వాటిలోనే. అడిగిన ప్రోగ్రాం రాసిపెట్టే ఏఐలు అప్పటికే బజారులో బోలెడు ఉన్నాయి. కానీ పదకొండేళ్ళుగా అతుకుల మీద అతుకులు వేసుకుంటూ వచ్చిన ఆ పాత ప్రోగ్రాంల దగ్గరికి వచ్చేసరికి అవన్నీ చేతులెత్తేశాయి. అందుకే వసుంధర వేరే దారి పట్టింది. టీమ్ రాసిన ప్రతి లైనూ, ఒకరికొకరు పంపుకున్న ప్రతి మెసేజీ, ఒకరి పని ఒకరు దిద్దిన ప్రతి దిద్దుబాటూ తన యంత్రానికి తినిపించింది. ఈ టీమ్ ఎలా పనిచేస్తుందో నువ్వూ అలాగే చెయ్యి అన్నది దానికిచ్చిన ఒకే ఒక్క ఆజ్ఞ.

ఆరు నెలలు పరీక్ష. పదో మనిషి నెగ్గితే తొమ్మిది మందిలో చాలామందిని ఇంటికి పంపుతారు. ఓడితే యంత్రాన్ని కట్టిపెట్టి మనుషుల్ని ఉంచుతారు. ఈ సంగతి ఎవరూ దాచలేదు. ఆ తొమ్మిది మందిలో లీడ్ స్వరూప. పదో మనిషికి కూడా ఆమే లీడ్, ఎందుకంటే అది తన తప్పులు ఆమె దిద్దుబాట్లనుంచే నేర్చుకోవాలని వసుంధర ఏర్పాటు చేసింది.

అలా నేర్చుకోవడం స్వరూప మొదటి వారంలోనే చూసింది. ఒకచోట తేదీలో నెల ముందు, రోజు వెనక రాసింది పదో మనిషి. ఆమె ఆ ఒక్కచోట దిద్దింది. భోజనం చేసి వచ్చేసరికి అది వెనక్కి వెళ్ళి, తాను అప్పటిదాకా రాసిన ప్రతి తేదీనీ అదే పద్ధతిలోకి మార్చేసి ఉంది. చెప్పిన మాట ఇంత బాగా వినేవాళ్ళు మా ఇంట్లో లేరు అని ఆ రోజు టీమ్‌లోని పర్వీన్‌తో నవ్వుతూ అంది.

*

మీటింగ్ అయిన మర్నాడు స్వరూప ఓదెలు పని చూడటానికి కూర్చుంది.

ఓదెలుది పెద్దపల్లి వైపు. నలభై మూడేళ్ళవాడు. చేరిన కొత్తలో మంచి పనివాడే. తర్వాత సాంకేతికత రెండుసార్లు మారింది, అతను ఒకసారే మారాడు. అప్పటినుంచి వెనకబడ్డాడు. ఏటా రేటింగులు వేసే రోజులొచ్చేసరికి అతని పేరు అడుగున ఉండేది. అడుగున ఉన్నవాళ్ళను కంపెనీ ఎలా సాగనంపుతుందో స్వరూపకు తెలుసు. అందుకని ఆ నెలలో రెండు మూడు గట్టి పనులు తానే చేసి అతని పేరున పెట్టేసేది. అదేం పెద్ద దొంగతనం కాదు. పని కింద పేరు రాసేచోట ఏ పేరు రాస్తే ఆ పేరే పడుతుంది, ఎవరూ తాళం వేయలేదు. ఏడేళ్ళుగా అలా జరుగుతోంది. ఆమె ఎప్పుడూ అతనికి చెప్పలేదు, అతనూ ఎప్పుడూ అడగలేదు. అతను అసలు గమనించలేదనే ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఆమెకు కొంచెం ఇష్టం కూడా.

ఇప్పుడు ఓదెలు పేరున ఉన్న ఇన్సూరెన్సు పనిని చదువుతుంటే ఆమెకు వింతగా అనిపించింది. ఏ ప్రోగ్రాం మొదలుపెట్టినా ముందుగా, రావాల్సిన వివరం రాకపోతే ఏం చెయ్యాలో రాసుకోవడం ఆమె అలవాటు. రోగి పేరు ఖాళీగా వస్తే, వయసు ఖాళీగా వస్తే, డాక్టరు పేరే లేకపోతే. మిగతావాళ్ళు అవన్నీ చివర్లో గుర్తొస్తే రాస్తారు, లేకపోతే లేదు. ఇక్కడ అవన్నీ మొదట్లోనే వరసగా ఉన్నాయి. పేర్లు పెట్టే తీరు ఆమెదే. మధ్యలో వాడిన ఒక చిన్న చమత్కారం కూడా ఆమెదే. చేసిన గుర్తు మాత్రం ఆమెకు లేదు.

సాయంత్రం ఓదెలును తీసుకుని కింద చాయ్ బండి దగ్గరికి వెళ్ళింది.

"ఆ ఇన్సూరెన్సు పని మంచిగ చేసినవ్," అంది.

ఓదెలు ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, మెత్తబడేదాకా అలాగే పట్టుకున్నాడు. "నేనెక్కడ చేసినక్కా. నువ్వే చేసినవ్ గద."

"నేను చెయ్యలే."

"గట్లంటవేంది? ఎప్పటి లెక్కనే నా పేరు మీద పెట్టినవనుకున్న. ఈసారి జర ఎక్కువనే పెట్టినవ్, కాలం మంచిగ లేదని భయపడ్డవేమో అనుకున్న."

స్వరూప చేతిలో గ్లాసు చల్లారిపోతున్నా తాగలేదు. "నీకు తెల్సా?"

"తెల్వకుంట ఎట్లుంటది అక్కా? నేను చెయ్యని పని నాకు తెల్వదా?" అతను నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "మొదటిసారి చూసిననాడు నీ సీటు దాంక వచ్చిన. తీసెయ్యమని చెప్దామని. నువ్వు ఫోన్ల మాట్లాడుతున్నవ్. నిలబడి నిలబడి మర్లి పోయిన. రెండోసారి అయితే రానే లేదు."

స్వరూపకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేలు చేసినవాళ్ళకు ఇలాంటి ఇబ్బంది వస్తుందని ఎవరూ ముందు చెప్పరు. ఆమె మాట మార్చింది. తాను చేయలేదు, అతను చేయలేదు, మరెవరు చేశారు అని అడిగింది. ఇద్దరూ ఒకేసారి తలెత్తి తమ ఆఫీసున్న నాలుగో అంతస్తు కిటికీల వైపు చూశారు.

*

అనుమానం తీర్చుకోవడానికి స్వరూప చిన్న పరీక్ష పెట్టింది. పర్వీన్ కాన్పు సెలవు నుంచి వచ్చి నాలుగు నెలలే అయింది. ఆమె చేతిలోని పనులను స్వరూప ఏదో వంకతో వేరేవాళ్ళకు మార్చింది. పర్వీన్ గీత ఓదెలు గీతకంటే కిందికి దిగింది. అది దిగిన మర్నాటికే పర్వీన్ పేరున రెండు పెద్ద పనులు పూర్తయి ఉన్నాయి. రెండింటిలోనూ ఖాళీల సంగతి మొదట్లోనే ఉంది. పర్వీన్ ఆ పనులు చూసుకుని, స్వరూప వైపు చూసి, చున్నీ సర్దుకుని కూర్చుంది. ఆమె కూడా స్వరూపే చేసిందనుకుంది.

పదో మనిషితో టీమ్ అంతా మెసేజీల్లో మాట్లాడుతుంది. అది టీమ్ భాషలోనే జవాబిస్తుంది, వేరే భాష దానికెవరూ నేర్పలేదు మరి.

"పర్వీన్ పేరు ఎందుకు పెట్టినవ్?" అని రాసింది స్వరూప.

"ఈ నెల పర్వీన్‌కు తక్కువ పడ్డది."

"అట్ల పెట్టమని నీకు ఎవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలే. మన టీమ్‌ల పని ఇట్లనే అయితది."

స్వరూప ఆ మాటను రెండోసారి చదివింది. తర్వాత, "నీ పేరు పెట్టుకుంటే నిన్ను ఉంచుతరు గద?" అని అడిగింది.

"నాకు రేటింగ్ లేదు."

ఆమెకు నవ్వొచ్చింది. పదకొండేళ్ళ పనిని మింగిన ఆ యంత్రం ఎన్ని తెలివితేటలు ఏరుకోవచ్చో అన్నీ ఏరుకుంది. వాటితోపాటు ఎవరికీ కనబడదనుకున్న ఈ ఒక్క పనినీ ఏరుకుంది. ఓదెలు పేరున ఉన్న పనులు ఎవరి చేతివో తీరును బట్టి దానికి తెలిసిపోయింది. టీమ్ అంటే అడుగున ఉన్నవాళ్ళను పైకి తోయడం అని అర్థం చేసుకుంది. వసుంధర ఏళ్ళ తరబడి నేర్పించిన పాఠాల్లో ఇది లేదు. అయినా బాగానే వంటబట్టింది.

*

ఇంట్లో ఆ రోజుల్లో వేరే పరీక్ష నడుస్తోంది. స్వరూప కూతురు అఖిలకు ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అని వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. మియాపూర్‌లోని వాళ్ళ ఫ్లాటులో హాలు నిండా ఆ చర్చే. అఖిల నాన్న సంపత్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ పిల్లలకు అడగకపోయినా సలహాలిచ్చిన మనిషి, తన కూతురి దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నములుతున్నాడు.

"సివిల్ పెట్టు. ఇండ్లు కట్టుడు ఆగదు గద," అన్నాడు.

"నువ్వు మొన్న ఎలక్ట్రికల్ అన్నవ్ డాడీ."

"మొన్నటి సంగతి మొన్న."

అఖిల తల్లి వైపు తిరిగింది. "మమ్మీ, నువ్వు చెప్పు. కంప్యూటర్స్ పెట్టాల్నా వద్దా? మా సీనియర్లకు క్యాంపస్‌ల ఒక్కలకు గూడ రాలేదంట. కొత్తోళ్ళను ఎవరు తీస్కుంటలేరంట."

అది నిజం. స్వరూప టీమ్‌లోకి కొత్త పిల్లలు రాక మూడేళ్ళయింది. కొత్తవాళ్ళకు నేర్పించే చిన్న చిన్న పనులన్నీ యంత్రాలు చేసేస్తున్నప్పుడు, నేర్పడం కోసం జీతమిచ్చి ఎవరు పెట్టుకుంటారు? పెద్దవాళ్ళు పెద్దవాళ్ళుగానే ముసలివాళ్ళవుతున్నారు. కానీ ఇదంతా కూతురికి చెప్తే, ఇరవై ఏళ్ళుగా తాను పోగుచేసుకున్నది చెల్లని నోటని ఒప్పుకున్నట్టవుతుంది.

"నీకు ఇష్టమేనా?" అని అడిగింది.

"ఇష్టమే. అయితే మాత్రం? నౌకరి ఉంటదా?"

"మంచిగ చేసేటోళ్ళకు ఉంటది."

"నీకు ఉంటదా మరి?"

సంపత్ పేపరు చదువుతున్నట్టు నటించాడు. స్వరూప, "నాకెందుకు పోతది? నేను చెయ్యకుంట అండ్ల ఏది నడవదు," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు దాని మీద పూర్తి నమ్మకం ఉంది. ఒక యంత్రం వచ్చి, ప్రపంచంలో ఉన్న లక్షల మందిని వదిలేసి తన చేతిని నేర్చుకుంది. అంతకంటే ఏం కావాలి? అఖిల ఆ రాత్రే కంప్యూటర్స్‌ను మొదటి ఆప్షన్‌గా పెట్టేసింది.

*

నాలుగో నెల, ఐదో నెల అలాగే గడిచాయి. తొమ్మిది గీతలు ఎదుగుతూనే ఉన్నాయి. టీమ్‌లో ఒక్కొక్కరి పేరున ఏదో ఒక రోజు చేయని పని ప్రత్యక్షమైంది. ప్రతి ఒక్కరూ అది తమ ఒక్కరికే జరిగిందనుకున్నారు, స్వరూప దయ అనుకున్నారు, గుట్టుచప్పుడు కాకుండా ఊరుకున్నారు. క్యాంటీన్‌లో ఆమె వస్తే కుర్చీ జరిపేవాళ్ళు ఎక్కువయ్యారు.

అయితే ఆ పనులను ఎవరో ఒకరు సరిచూడాలి. ఎవరి పేరున ఉన్నాయో వాళ్ళకు అందులో ఏముందో తెలియదు, తెలుసుకోవడానికి ప్రయత్నిస్తే బయటపడతామని భయం. ఆసుపత్రుల వ్యవహారం, మందు మోతాదు దగ్గర ఒక చుక్క అటూ ఇటూ అయితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని అన్నీ స్వరూపే చదివేది. పొద్దున్నించి సాయంత్రం దాకా చదవడమే సరిపోయేది. తప్పు దాదాపు ఉండేది కాదు. అయినా చదవకుండా వదిలేయడానికి ఆమెకు మనసొప్పేది కాదు. తన పనులు తాను మొదలుపెట్టి సగంలో ఆపినవి ఒక్కొక్కటే పేరుకుపోయాయి.

ఐదో నెల చివర వసుంధర ఆమెను తన గదికి పిలిచింది. గదిలో ఒక మూల మడతమంచం, దాని మీద దుప్పటి ఉన్నాయి. వసుంధర కళ్ళకింద నల్లబడింది.

"కూర్చోండి స్వరూప గారూ. ఎనిమిదేళ్ళు పెట్టానండీ దీనిమీద. మా అమ్మ పోయిన నెల్లో కూడా దీని దగ్గరే ఉన్నాను. ఎక్కడ తప్పిందో తెలిస్తే బాధ ఉండదు. మీరు రోజూ చూస్తారు కదా, మీకేమైనా తేడా కనిపించిందా?"

స్వరూపకు ఆమె మీద జాలి వేసింది. ఒక్క మాట చెప్తే ఈమె ఎనిమిదేళ్ళు నిలబడతాయి, తొమ్మిది ఇళ్ళు కూలతాయి. పర్వీన్ పసిబిడ్డ, ఓదెలు ఇద్దరు పిల్లలు, ఇంకా అందరూ కళ్ళముందు మెదిలారు.

"నాకేం కనవడలేదు మేడమ్," అంది.

"సరేనండీ. వచ్చే నెల చివరి లెక్క చూపించి మూసేస్తాను. మళ్ళీ ఏ కాలేజీలోనైనా పాఠాలు చెప్పుకుంటాను," అంది వసుంధర.

స్వరూప బయటికి వచ్చి మంచినీళ్ళు తాగింది. అబద్ధం ఆడినందుకు బాధ ఉంది గానీ పశ్చాత్తాపం లేదు. ఇంకో నెల ఓపిక పడితే అందరూ గట్టెక్కుతారు.

*

చివరి మీటింగ్ ఉన్న రోజు పొద్దున్న ఆమె మామూలుగానే వచ్చింది. వినాయక నిమజ్జనాల రోజులు కావడంతో లింగంపల్లి దాకా రోడ్డు నిండా ట్రాఫిక్, కొంచెం ఆలస్యమైంది. సీట్లో కూర్చుని తెర వెలిగించగానే, రాత్రి పూర్తయిన పనుల్లో ఒకటి ఆమె కంటపడింది.

ఆ పని ఆమెదే. చికిత్స మధ్యలో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారిన రోగికి మందులు రెండుసార్లు లెక్కపడుతున్నాయి. పాత ప్రోగ్రాంలలో ఎక్కడో చిక్కు ఉంది. ఆమె మూడు వారాలుగా దాంతో కుస్తీ పడుతూ, మధ్యమధ్యలో వదిలేస్తూ ఉంది. ఇప్పుడు చిక్కు విడిపోయి ఉంది. ఖాళీల సంగతి మొదట్లోనే ఉంది. కింద, చేసినవారి పేరు దగ్గర, స్వరూప అని ఉంది.

ముందు ఆమెకు సంతోషమే కలిగింది, ఎంత చక్కగా విడదీసిందో అని. రెండో నిమిషంలో తల కొట్టేసినట్టయింది. అది ఎవరి పేరున పెడుతుందో ఆమెకు తెలుసు. ఎందుకు పెడుతుందో కూడా తెలుసు. గీతలు తెరిచి చూసింది. తొమ్మిది గీతల్లో ఆమెదే అన్నిటికంటే పొట్టిది. రెండు నెలలుగా అది మిగతావాటికంటే వెనకబడుతూనే వచ్చింది. లీడ్ గీతను ఎవరు చూస్తారులే అని ఆమె ఆ వైపే చూడలేదు.

పర్వీన్ రెండు సీట్ల అవతల ఫోన్‌లో బిడ్డకు ముద్దులు పెడుతోంది. ఓదెలు ఇంకా రాలేదు. ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. అయినా ఆఫీసంతా చూస్తున్నట్టే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తన చేతిని చూసి నేర్చుకున్నది, తన చేతిలోనే బిచ్చం వేసింది. ఇరవై ఏళ్ళ పనిమంతురాలు అడుగున ఉందట, పాపం, పైకి తొయ్యాలట. ఓదెలుకు పెట్టినప్పుడు తాను ఎంత మెత్తగా, ఎంత గొప్పగా అనుకుంటూ పెట్టిందో గుర్తొచ్చి ఇంకా కోపమొచ్చింది.

ఊరుకోవచ్చు. సాయంత్రానికి అంతా అయిపోతుంది. యంత్రం మూతపడుతుంది, అందరూ మిగులుతారు. ఆ ఒక్క పేరు అలా ఉండనిస్తే చాలు.

ఆమె ఉండనివ్వలేదు. తన పేరు చెరిపేసి, ఆ చోట పదో మనిషి పేరు రాసింది. ఆ ఒక్కచోటే. ఎంటర్ నొక్కాక గుండెల మీదినుంచి బరువు దిగినట్టయింది. లేచి వెళ్ళి చాయ్ తెచ్చుకుంది. తన ఒక్క పనే కదా, ఒక్క పనితో ఏ యంత్రమూ నెగ్గదు అనుకుంది. మొదటి వారం నాటి తేదీల సంగతి ఆ పూట నిజంగానే గుర్తు రాలేదా, గుర్తొచ్చినా రానట్టు ఉండిపోయిందా అన్నది తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా ఆమె తేల్చుకోలేకపోయింది.

*

మధ్యాహ్నం అందరూ మీటింగ్ గదిలో కూర్చున్నారు. స్వీట్లు కూడా తెప్పించారు. ఓడిపోయిన యంత్రానికి వీడ్కోలు అని ఎవరో పరాచికమాడారు. వసుంధర ఒక్కర్తే నవ్వలేదు. తెర వెలిగించింది.

తొమ్మిది గీతలు బొటనవేళ్ళలా ఉన్నాయి. పదో గీత తెర పైఅంచు దాటిపోవడంతో, దాన్ని ఇమడ్చడానికి బొమ్మ మొత్తం చిన్నదయింది.

వసుంధర తెరను మూసి మళ్ళీ తెరిచింది. అదే బొమ్మ. ఆమె పనుల చిట్టా తెరిచింది. ఆరు నెలల పనుల మీద పేర్లు మారిపోయి ఉన్నాయి. పొద్దున్న లీడ్ తన పేరు తీసేసి చేసిన దిద్దుబాటు ప్రకారం పాతవన్నీ సరిచేశానని పదో మనిషి రాసిపెట్టింది.

"స్వరూప గారూ," అంది వసుంధర. "మీరు కనిపెట్టారా? ఇవాళే కనిపెట్టారా?"

స్వరూప చూపు బల్లమీదికి దించుకుంది. వసుంధర దాన్ని వినయం అనుకుంది. వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పైఅధికారులు అప్పటికే ఫోన్లు తీశారు. బల్ల చుట్టూ ఉన్న తొమ్మిది మందిలో ఏడుగురికి ఏం జరిగిందో అర్థం కాలేదు. తమ పేరున ఉన్న పని స్వరూపది కాదు, యంత్రానిదన్న సంగతే వాళ్ళకు ఆ క్షణంలో తెలిసింది. పర్వీన్ తలవంచుకుని స్వీట్ ప్లేటు వైపు చూస్తోంది. ఓదెలు మాత్రం తెర వైపు చూడలేదు, స్వరూప వైపే చూశాడు.

ఆ తర్వాత జరగాల్సినవి చకచకా జరిగాయి. రెండు వారాల్లో కాగితాలు తయారయ్యాయి. వసుంధర యంత్రాన్ని ఇంకా నాలుగు టీమ్‌లకు పెట్టాలని నిర్ణయించారు. స్వరూపను పిలిచి, "మీరు ఉండాలండీ. అది మీ చేతిమీదే నేర్చుకుంటోంది. మీరు లేకపోతే కష్టం," అంది వసుంధర. ఆ మాట ఎన్నాళ్ళు చెల్లుతుందో ఆమె చెప్పలేదు, స్వరూప అడగలేదు. ఉంటాననీ అనలేదు, పోతాననీ అనలేదు. ఉండిపోయింది.

మిగతా ఎనిమిది మంది ఒకే రోజు వెళ్ళిపోయారు. కొందరు చెప్పి వెళ్ళారు, కొందరు చెప్పకుండా వెళ్ళారు. ఓదెలు చివర్న లేచాడు. స్వరూప లిఫ్ట్ దాకా వెంట నడిచింది. ఏదైనా చెయ్యాలంటే చెప్పు, నాకు తెల్సినోళ్ళు ఉన్నరు, మాట్లాడుత అని ఏదో అంది.

"వద్దక్కా," అన్నాడు ఓదెలు. "మా బామ్మర్ది కరీంనగర్‌ల మోటర్ల దుకాణం పెట్టిండు. రమ్మంటున్నడు. పోత."

"నా మీద కోపం ఉన్నదా?"

"కోపం లేదు. నువ్వు కావాలని చెయ్యలేదని తెల్సు." అతను బ్యాగు ఒక భుజం మీదినుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. నువ్వు పెడుతుంటే ఏడేండ్లు తీసుకున్న. చూసినప్పుడల్లా సావబుద్ధయ్యేది. పిల్లల మొకం జూసి మింగిన. నువ్వు ఒక్కనాడు మింగలేకపోయినవా అక్కా?"

లిఫ్ట్ వచ్చింది. ఓదెలు ఎక్కాడు. తలుపులు మూసుకునేదాకా స్వరూప నిలబడి ఉంది. తర్వాత వెనక్కి వచ్చి తన సీట్లో కూర్చుంది. ఆ పూట పదో మనిషి చేసిన పని, ఆమె దిద్దడం కోసం, తెరమీద సిద్ధంగా ఉంది. కింద దాని పేరే ఉంది. ఆమె మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది. చివరిదాకా చదివింది. దిద్దడానికి ఏమీ దొరకలేదు.